చెరువేది బిడ్డా?

స్నోషూ అంటే బూట్లే అనుకున్నా. తీరా చూస్తే బూట్ల కింద కట్టుకునే రెండు చాటలు! అడుగున ఇనుప పళ్లు. అద్దెకిచ్చిన అబ్బాయి "నడక వస్తే ఇదీ వచ్చినట్టే" అన్నాడు. ఆ మాట నమ్మి నేనూ, మా రూమ్మేట్ అక్కా సాల్ట్ లేక్ సిటీలో స్కీ బస్సెక్కి బ్రైటన్‌లో దిగాం.

యూటాలో బిగ్ కాటన్‌వుడ్ లోయ చివర ఉండే స్కీ రిసార్ట్ ఇది. ఎత్తు దాదాపు 8,700 అడుగులు. అక్కడి నుంచి మేరీ లేక్‌కి దారి మైలుకి అటూ ఇటూ, కానీ అంతా ఎక్కుడే. పక్కనే స్కీయర్లు జర్రున జారిపోతుంటారు. లిఫ్ట్ టికెట్ కొనే స్తోమత మాకెక్కడిది? ముఖ్యంగా నాకు. జాబ్ పోయి అప్పటికి 19 రోజులు. ఓపీటీలో జాబ్ లేకుండా మొత్తం 90 రోజులే ఉండనిస్తారు. పొద్దున లేవగానే ఆ లెక్కే వేసుకునేదాన్ని. ఇంట్లో చెప్పలేదు. లోన్ కిస్తీ బాపే కడుతున్నాడు, ఏ మొహంతో చెప్పను?

మొదట్లోనే రెండుసార్లు పడ్డా, నా చాటని నేనే తొక్కుకుని. దమ్ము చేసిన మడిలో నడిచినట్టు కాళ్లు ఎడంగా వేయాలని తర్వాత తెలిసింది. గాలి పలచన కదా, ఆయాసం దాచుకోడానికి "ఒక్క ఫొటో" అంటూ ఆగడమే. దారిలో డాగ్ లేక్ అని చిన్న చెరువుంది. ఈ లోయ నీళ్లు సిటీకి తాగునీరు కాబట్టి ఇక్కడికి కుక్కల్ని తేనివ్వరు. "పేరు కుక్కది, ఎంట్రీ మాత్రం లేదు" అని అక్క ఒకటే నవ్వు.

మేరీ లేక్ వచ్చేసిందని మ్యాప్ చెప్పింది గానీ కళ్లకి చెరువే లేదు. చుట్టూ చెట్లు, పైన మిల్లిసెంట్ కొండ, మధ్యలో చదునుగా తెల్లటి మైదానం. ఒడ్డునే నిలబడి వీడియో తీశా. ఇంకా పైన కేథరిన్ లేక్ దాకా వెళ్దామని అక్కకి ఉంది. కానీ పొద్దున్నే యూటా అవలాంచ్ సెంటర్ పేజీ చూసి ఇద్దరం ఒక మాటనుకున్నాం: 30 డిగ్రీలు దాటిన వాలు కిందకి పోవద్దని. వెనక్కి తిరిగాం.

రిసార్ట్ నుంచి వీడియో పంపా. బస్సెక్కేసరికి సాయంత్రం ఐదున్నర, మా జగిత్యాల దగ్గర ఊళ్లో తెల్లారి ఆరు. బాపు ఫోన్.

"చెరువేది బిడ్డా? అంత బీడు లెక్కనే ఉంది."

"మంచు కింద ఉంది బాపూ."

"మత్తడి దూకదా మరి?"

"ఎండాకాలం మంచు కరిగితే నీళ్లు కనబడ్తయ్."

"అయితే ఎండాకాలం మళ్ల పోయి చూపియ్."

నాకు మాట రాలేదు. ఎండాకాలానికి ఇక్కడ ఉంటే కదా! అక్క నా వైపే చూస్తోంది. చెప్పేశా. జాబ్ పోయిన సంగతి, 90 రోజుల సంగతి, 19 అయిపోయిన సంగతి, అన్నీ ఒక్క గుక్కలో. అవతల చప్పుడు లేదు. కోపమొచ్చిందేమో అనుకున్నా. చూస్తే లోయ మలుపులో సిగ్నల్ పోయింది. ఎంతవరకు విన్నాడో తెలీదు.

సిటీ లైట్లు కనబడేదాకా ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా. గీతలు రాగానే మోగింది.

"ఇంక 71 దినాలున్నయ్ గద" అన్నాడు బాపు.