అప్‌డేట్ నొక్కేముందు ఒక్క పరీక్ష

డీటీపీ సెంటర్లు, చిన్న ఆఫీసులు నడిపే మిత్రులారా, విండోస్ అప్‌డేట్ వచ్చిన రోజే అన్ని కంప్యూటర్లలోనూ వేసేయకండి.

2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లనే చెరిపేసింది. మైక్రోసాఫ్ట్ కొద్దిరోజులకే దాన్ని ఆపేసి, నవంబరులో సరిచేసి మళ్లీ వదిలింది. 2021 మార్చి అప్‌డేట్ తర్వాతైతే కొన్ని ప్రింటర్లకు ప్రింట్ ఇవ్వగానే బ్లూ స్క్రీన్! తెల్లారేసరికి పెళ్లి కార్డులు అందించాల్సినవాళ్లకు అంతకన్నా కష్టం ఏముంటుంది?

మన తెలుగు డీటీపీ ఇప్పటికీ చాలాచోట్ల పాత పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీదే నడుస్తోంది. కొత్త విండోస్‌లో అవి పనిచేస్తాయో లేదో మనకోసం ఇంకెవరూ చూసిపెట్టరు. ముందు ఒక్క కంప్యూటర్లో వేయండి. పాత ఫైలు తెరిచి, ఒత్తులు సరిగ్గా పడుతున్నాయా అని ప్రింట్ తీసి చూడండి. టాలీ, స్కానర్, డిజిటల్ సంతకం డాంగిల్ కూడా పనిచేస్తున్నాయో లేదో చూడండి. మిగతా వాటిలో అప్‌డేట్లను పాజ్‌లో పెట్టండి. విండోస్ 11 సెట్టింగ్స్‌లో ఐదు వారాల దాకా ఆ వీలుంది.

అలాగని శాశ్వతంగా ఆపేస్తామంటే మాత్రం నేను ఒప్పుకోను. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని వణికించింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న విండోస్ లోపాన్ని పూడ్చే ప్యాచ్ అప్పటికే, మార్చిలోనే వచ్చింది.

కాబట్టి బ్యాకప్ తీసుకోండి, పరీక్షించండి, ఆ ఐదు వారాల లోపే అప్‌డేట్ వేసేయండి.