లేహ్‌కు ఏ దారి?

ఢిల్లీలో తెల్లవారుజామున విమానమెక్కినవాడు గంటన్నర తిరగకుండానే లేహ్‌లో దిగుతాడు. అదే వేళకు అదే నగరంలో మిత్రులతో కారెక్కినవాడు మనాలీ చేరేసరికి చీకటి పడుతుంది. అక్కడినుంచి లేహ్‌కు ఇంకా రెండు రోజుల ప్రయాణమున్నది. లడఖ్ చూడాలని నిశ్చయించుకున్న స్నేహబృందంలో మొదటి తగాదా ఇక్కడే వస్తుంది. సెలవు తక్కువైనవాడు విమానమంటాడు. బండి నడపడంలో మోజున్నవాడు రోడ్డంటాడు. ఖర్చు లెక్కలు వేసేవాడు ఎటూ తేల్చడు. చివరకు ఎవరో ఒకరు, "నెమ్మదిగా ఎక్కితే ఒంటికి ఎత్తు అలవాటవుతుంది, రోడ్డే క్షేమం" అంటారు. వాదన అంతటితో ముగుస్తుంది.

ముగియకూడదు. ఆ మాటలో సగమే నిజమున్నది.

లేహ్ సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. గాలిలో ఆక్సిజన్ పాలు అక్కడ కూడా నూటికి 21 వంతులే, తగ్గేది వాయుపీడనం. సముద్రతీరంలో ఉండే పీడనంలో అది దాదాపు మూడింట రెండు వంతులు. కనుక ఒక్కొక్క శ్వాసకు అందే ప్రాణవాయువు ఆ మేరకు తక్కువ. విమానం దిగినవాడికి ఈ సంగతి వెంటనే తెలియదు. ఆకాశం నీలంగా, మనసు ఉల్లాసంగా ఉంటుంది. సామాను తానే మోసుకొని బజారు చూడబోతాడు. తలనొప్పి, వికారం, నిద్రలేమి కొన్ని గంటలు గడిచాక, తరచు మొదటి రాత్రి పైబడతాయి. అందుకే మొదటి రెండు రోజులూ గది దాటకుండా విశ్రాంతి తీసుకోమంటారు వైద్యులు. చూడటానికి వచ్చి పడుకోవడమేమిటని మనవాళ్ళకు అది రుచించదు.

మనాలీ రోడ్డు మాటేమిటి? మనాలీ ఎత్తు సుమారు 2,000 మీటర్లు. 2020 అక్టోబరు 3న ప్రారంభమైన అటల్ సొరంగం 9.02 కిలోమీటర్ల పొడవున కొండను తొలిచి, 3,978 మీటర్ల రోహ్తంగ్ కనుమను తప్పించింది. దారి 46 కిలోమీటర్లు తగ్గింది. ఒకప్పుడు రోహ్తంగ్ బురదలో గంటలకొద్దీ నిలిచిపోయిన ప్రయాణికుడు ఆ పూటకు కేలాంగ్‌లో ఆగడమే మహాభాగ్యమనుకునేవాడు. ఇప్పుడు మధ్యాహ్నానికే లాహౌల్ లోయ దాటేయవచ్చు. ఇంకా పొద్దున్నది కదా అన్న ఆశ అతన్ని 4,890 మీటర్ల బారాలాచా కనుమ దాటించి సర్చు డేరాలకు చేరుస్తుంది. సర్చు ఎత్తు 4,200 మీటర్లకు పైమాటే. అంటే లేహ్ ఎత్తుకు జడిసి రోడ్డు పట్టినవాడు లేహ్ కన్నా ఎంతో ఎత్తున మొదటి రాత్రి నిద్రకు ఉపక్రమిస్తున్నాడన్నమాట! మూడు వేల మీటర్లు దాటాక పడక ఎత్తు రోజుకు 500 మీటర్ల కన్నా పెంచరాదని వైద్యశాస్త్రం చెబుతున్నది. ఇక్కడ ఒక్క పగటిలో అంతకు నాలుగింతలు పెరిగింది.

ఊపిరితిత్తులలోనో మెదడులోనో నీరు చేరే ప్రమాదకర స్థితి వస్తే అసలైన చికిత్స ఒక్కటే: వెంటనే కిందికి దిగడం. సర్చు నుంచి దిగడమెలా? వెనక్కు పోదామంటే బారాలాచా ఎక్కాలి. ముందుకు పోదామంటే గాటా వద్ద 21 మలుపులు తిరిగి, నకీ కనుమ దాటి, ఐదువేల మీటర్లు మించిన లాచుంగ్ కనుమ ఎక్కాలి. దిగడానికి ముందు ఎక్కక తప్పని చోటు అది.

దీనికి స్నేహం మరొక ముడి వేస్తుంది. కారులో నలుగురున్నప్పుడు తలనొప్పి మొదలైనవాడు ఆ మాట పైకి చెప్పడు. తన ఒక్కడి కోసం అందరి యాత్రా పాడుచేయడం అతనికి మొహమాటం. మిగిలినవారు హాస్యమాడతారనే బిడియం కూడా కొంత. మరో గంటలో సర్దుకుంటుందిలెమ్మని కళ్ళు మూసుకుంటాడు. తోటివారు నిద్రపోతున్నాడనుకుంటారు. ఒకరికి బాగుండకపోతే బండి ఎక్కడున్నా వెనుదిరగాలని ఇల్లు కదలకముందే నలుగురూ ఒప్పుకోవడం ఏ మాత్రకన్నా తక్కువ మందు కాదు.

అయినా ఆ రోడ్డును కాదనడం కష్టం. లాచుంగ్ దిగి పాంగ్ దాటాక మోరే మైదానం వస్తుంది. కొండల మధ్య పళ్ళెంలా పరచుకున్న నలభై కిలోమీటర్ల సమతలం, చెట్టన్నది లేదు. దూరాన దుమ్ము లేస్తే అది కియాంగులనే అడవిగాడిదల మంద కావచ్చు, పశ్మీనా మేకలను తోలుకుపోతున్న చాంగ్పా సంచారులు కావచ్చు. ఆపైన 5,300 మీటర్లు దాటిన టంగ్‌లంగ్ కనుమ. రంగురంగుల ప్రార్థనా పతాకాలు గాలికి కొట్టుకుంటూ ఉంటాయి. విమానం కిటికీలోనుంచి హిమశిఖరాలు కనబడతాయి గాని ఈ గాలి చప్పుడు వినబడదు.

అయితే లేహ్‌కు విమానం పరాయిదేమీ కాదు. 1948 మే 24న, మోటారు రోడ్డు ఇంకా లేని రోజులలో, మెహర్ సింగ్ ఒక డకోటా విమానాన్ని జనరల్ తిమ్మయ్యతో సహా అక్కడ దించాడు. ఆ విచిత్ర జంతువుకు మేతగా గ్రామస్థులు గడ్డి తెచ్చిపెట్టారని ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. ఇసుకనేలను చదును చేయించి ఆ విమానమార్గాన్ని సిద్ధపరచిన ఇంజనీరు సోనమ్ నోర్బూ లడఖ్ బిడ్డే. నేడు ఎత్తు పడక బాధపడే యాత్రికులను తీసుకుపోయే లేహ్ ఆసుపత్రికి ఆయన పేరే పెట్టారు.

ఇవన్నీ తూచి చూస్తే, విమానంలో వెళ్ళి, రెండు రోజులు పడుకొని, వారం తిరిగి, మనాలీ రోడ్డున దిగిరావడం మేలనిపిస్తుంది. అప్పటికి రక్తానికి ఆ ఎత్తు కొంత అలవాటై ఉంటుంది; సర్చు రాత్రి అంత భయపెట్టదు. మోరే మైదానం ఎటునుంచి చూసినా మోరే మైదానమే.

బండి మీద మోజున్న మిత్రుడు మాత్రం దీనికి ఒప్పుకోడు. తిరిగి రావడం వేరు, చేరుకోవడం వేరంటాడు. మూడు రోజుల దుమ్ము తిని, ఉప్షీ వద్ద సింధునదిని మొదటిసారి చూసినవాడిదే లేహ్ అంటాడు. అతనికి శ్రీనగర్ మార్గమున్నది. సుమారు 1,600 మీటర్ల వద్ద బయలుదేరి, 3,500 మీటర్ల జోజిలా దాటి, 2,700 మీటర్ల కార్గిల్‌లో నిద్రించవచ్చు. దారిలో అన్నిటికన్నా ఎత్తైన ఫోతూలా 4,108 మీటర్లే. అదీ పట్టపగలు దాటిపోతుంది. ఖల్సీ వద్ద అదే సింధునది ఎదురవుతుంది. కాకపోతే అతను ఢిల్లీ నుంచి శ్రీనగర్ దాకా కూడా తానే నడుపుతానంటాడు. మిగిలిన ముగ్గురూ మరో రెండు రోజుల సెలవు అడగవలసి ఉంటుంది.