ఆఖరి బస్సుకో పూలదండ!

బస్సు పోతే ఇంకో బస్సు వస్తుందిలే అనుకుంటాం. కానీ ఏదో ఒక రోజు తర్వాత ఆ బస్సు మళ్లీ రాదు. ఆ రోజేదో మనకు తెలీదు. కొల్లాపూర్ నుంచి హైదరాబాద్ దాకా ఓ పాత బస్సును చూడ్డానికి సాగిన ప్రయాణమిది...

తెల్లవారుజాము. కొల్లాపూర్ బస్టాండ్. హైదరాబాద్ బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. నాన్న మాత్రం ఎక్కడే! ముందుకెళ్లి నంబరు ప్లేటు చూశాడు. ‘జడ్ ఉంది. మనదే. ఎక్కు బిడ్డా’ అన్నాడు. డెబ్బై దాటినా ఆ అలవాటు పోలేదు.

ఆర్టీసీ సొంత బస్సుల నంబర్లలో ఆ అక్షరాన్ని మీరూ గమనించే ఉంటారు. ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరును ఇంగ్లిషులో రాస్తే వచ్చే మొదటి అక్షరమే అదని చెబుతారు. తొంభై ఏళ్లు దాటిన ఆ ముచ్చట ఎక్కడ మొదలైందో నాన్నకు చూపించాలనే ఈ ప్రయాణం.

గుడి కదిలింది... బస్సు ఆగింది

ఊరు దాటగానే మామిడి తోటలు. జటప్రోలు సంస్థానాన్ని ఏలిన సురభి రాజుల కోట కొల్లాపూర్‌లోనే ఉంది. ఇక్కడి మాధవస్వామి గుడికి ఓ విశేషముంది. అది మొదట ఇక్కడిది కాదు. కృష్ణ ఒడ్డున మంచాలకట్టలో ఉండేది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని రాళ్లు విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయానిదీ అదే కథ. పాతదాన్ని కాపాడుకోవడమంటే ఏమిటో కొల్లాపూర్ వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

నాన్నదీ ఆ నీళ్ల కింద ఉన్న ఊరే. 1980ల మొదట్లో ఖాళీ చేసి వచ్చేశారు. దేవుళ్లు వచ్చారు, మనుషులు వచ్చారు. రోజుకు రెండుసార్లు ఊరికొచ్చే ఎర్రబస్సు మాత్రం ఆగిపోయింది. ‘ఆఖరి బస్సు ఏ రోజొచ్చింది నాన్నా?’ అని అడిగాను. చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు.

‘యాదికి లేదు. మనసంత సామాన్ల మీదనే ఉండె. రేపు మల్ల వస్తదనుకున్నం.’

నాగర్‌కర్నూల్, కల్వకుర్తి, ఆమనగల్లు దాటినా ఆయన ఇంకో మాట మాట్లాడలేదు.

ఇరవై ఏడు బస్సులతో...

మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగగానే నాన్న కళ్లు గౌలిగూడ వైపు తిరిగాయి. ఆయన ఎరిగిన బస్టాండ్ అదే. పెద్ద రేకుల గుమ్మటంలా ఉండే ఆ మిస్రీగంజ్ హ్యాంగర్ కిందే ఒకప్పుడు జిల్లాల బస్సులన్నీ ఆగేవి. 1994లో కొత్త బస్‌స్టేషన్ వచ్చింది. 2018 జులైలో ఓ ఉదయం ఆ గుమ్మటం కుప్పకూలింది. అదృష్టం... ఎవరికీ ఏమీ కాలేదు. కానీ కడసారి చూసుకునే అవకాశమూ ఎవరికీ దక్కలేదు.

అక్కణ్నుంచి ముషీరాబాద్‌లోని బస్ భవన్‌కు వెళ్లాం. అక్కడుంది మేం చూడాలనుకున్న పెద్దమనిషి... 1932 నాటి ఆల్బియన్ బస్సు! స్కాట్లాండ్ కంపెనీ తయారీ. ఆ ఏడాది జూన్‌లో నిజాం రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టింది. 1951లో అది హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం చేతికొచ్చింది. 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ అయింది. తెలంగాణ వచ్చాక మళ్లీ వేరుపడింది. వేల బస్సుల ఈ సంసారానికి అవ్వ ఈ చిన్న బస్సే!

నాన్న దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. బాడీ మీద చెయ్యి వేసి ‘నడుస్తదా?’ అన్నాడు. బస్సును చూస్తే ఎవరికైనా వచ్చే మొదటి ప్రశ్న అదే కదా!

వాళ్లు సాగనంపారు

నాకేమో డబుల్ డెక్కర్ గుర్తొచ్చింది. చిన్నప్పుడు నాన్న అఫ్జల్‌గంజ్‌లో ఎక్కించాడు. పై అంతస్తులో ముందు సీటు. చెట్ల కొమ్మలు అద్దాన్ని రాసుకుంటుంటే ఏనుగు అంబారీ ఎక్కినట్టుండేది! ఫ్లైఓవర్లు పెరిగాయి, బండ్లు పాతబడ్డాయి. 2000ల తొలి ఏళ్లలో అవి కనుమరుగయ్యాయి. ఆఖరి ట్రిప్పు ఏ రోజు వేశారో మీలో ఎంతమందికి గుర్తుంది? 2023 ఫిబ్రవరిలో విద్యుత్ డబుల్ డెక్కర్లు వచ్చినప్పుడు పిల్లలకంటే పెద్దలే ఎక్కువ సంబరపడ్డారంటే, ఆ వెలితి ఎంతటిదో అర్థమవుతుంది.

లండన్‌లో అలా కాలేదు. 1956 నుంచి తిరిగిన రూట్‌మాస్టర్ డబుల్ డెక్కర్లు 2005 డిసెంబరు 9న 159వ నంబరు రూటు నుంచి తప్పుకొన్నాయి. ఆ ఆఖరి రోజుల్లో, అభిమానులు దాచుకున్న పాత బస్సులు కూడా అదే దారిలో జనాన్ని ఎక్కించుకుని తిరిగాయి. అంత దూరమెందుకు? మన పాలమూరు వలస కూలీలకు బాగా తెలిసిన ముంబయినే తీసుకోండి. 1937 నుంచి తిరిగిన డబుల్ డెక్కర్లలో చివరి డీజిల్ బండి 2023 సెప్టెంబరు 15న ఆఖరి ట్రిప్పు వేసింది. దండలు వేసి మరీ సాగనంపారు.

ఒక్క రోజు చాలు

కాలం చెల్లిన బస్సును ఆపాల్సిందే. పొగ, ఖర్చు, భద్రత... అన్నీ చూడాలి కదా. కానీ ఆపేముందు ఒక్క రోజు ముందుగా చెబితే? ఓ పాత బండిని బాగుచేసి అదే దారిలో తిప్పితే? మనవళ్లను తీసుకుని తాతలు ఎక్కుతారు. ఆ రూట్లో ముప్పై ఏళ్లు నడిపిన డ్రైవరు మరోసారి స్టీరింగ్ పడతాడు. ఇనుము తుక్కుకు పోయినా ఆ రోజు మిగులుతుంది.

సాయంత్రం కొల్లాపూర్ బస్సులో నాన్న తనంతట తనే మాట కలిపాడు. ‘ఎండకాలం నీళ్లు తగ్గితే మనూరి తొవ్వ తేలుతది. బస్సు ఆగే చింతచెట్టు మొద్దు ఇంకా ఉంది. ఈసారి నువ్వు గూడ రా, చూపిస్త.’

వస్తానన్నాను. కండక్టర్ టికెట్లు చించి ఇచ్చాడు. నాన్న వాటిని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇలా వెళ్లొచ్చు: హైదరాబాద్ నుంచి కొల్లాపూర్ సుమారు 180 కిలోమీటర్లు. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి. మాధవస్వామి ఆలయం, రాజుల కోట ఊళ్లోనే చూడొచ్చు. కృష్ణ తీరంలోని సోమశిల అక్కడికి దగ్గరే. బస్ భవన్ కార్యాలయం కాబట్టి పాత బస్సును చూడాలంటే ముందు అనుమతి అడగడం మంచిది.