నల్లమల కొండచిలువ

'చిలువ' అంటే అచ్చతెలుగులో పాము. కొండల్లో ఉండే పాము గనుక కొండచిలువ. సంస్కృతంలో దీనినే 'అజగరం' అన్నారు. మేకను మింగేదని ఆ మాటకు అర్థం. తెలుగు పేరు దాని నివాసాన్ని చెబితే, సంస్కృత నామం దాని ఆకలిని చెబుతుంది. మనం మాత్రం ఆ ఆకలినే గుర్తుంచుకున్నాం.

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో అచ్చంపేట దాటి మన్ననూరు చేరేసరికి నల్లమల అడవి ఎదురవుతుంది. నేడు నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాలలో విస్తరించిన ఆమ్రాబాద్ పులుల అభయారణ్యం ఇదే. ఆ దారిన నేను అనేక పర్యాయాలు ప్రయాణించాను. ఒక వానకాలపు సాయంత్రం మా బస్సు హఠాత్తుగా ఆగింది. సుమారు మూడు మీటర్ల కొండచిలువ నిదానంగా రోడ్డు దాటుతోంది. కొందరు దిగి రాళ్లు వెతకసాగారు. "దాని తొవ్వన దాన్ని పోనియ్యండి. అది విషమున్న పాము కాదు" అని డ్రైవరు వారించాడు. వారి చేతుల్లోని రాళ్లు నేలకు జారాయి.

అతని మాట నిజం. కొండచిలువకు విషం లేదు. ఎరను చుట్టి బిగించి, దాని రక్తప్రసరణను ఆపివేస్తుంది. పెదవుల అంచున ఉన్న గుంటలతో చిమ్మచీకటిలో సైతం ప్రాణుల ఒంటి వేడిని పసిగడుతుంది. ఎలుకలు, కుందేళ్లు, పక్షులు, దుప్పి పిల్లలు దాని ఆహారం. ఒకసారి కడుపు నిండితే వారాల తరబడి వేటకు వెళ్లదు. లోకం దీనిని సోమరితనం అంటుంది. అవసరానికి మించి వేటాడని ప్రాణిని సోమరి అనడం న్యాయమా?

అన్నిటికంటే నన్ను కదిలించినది దాని మాతృత్వం. చాలా పాములు గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. ఆడ కొండచిలువ మాత్రం తన శరీరాన్నే గూడుగా గుడ్ల చుట్టూ చుట్టుకొని, సుమారు రెండు నెలలు దాదాపు ఉపవాసంతో కాపలా కాస్తుంది. పరిసరాలు చల్లబడితే కండరాలను వణికించి వేడి పుట్టిస్తుంది. శీతరక్త ప్రాణి ఇలా వెచ్చబడటాన్ని 1841లోనే పారిస్‌లో ఒక ఆసియా కొండచిలువను పరిశీలించి నమోదు చేశారు.

మహాభారతం అరణ్యపర్వంలో అజగర రూపంలోని నహుషుడు భీముణ్ణి చుట్టివేస్తాడు. ధర్మరాజు ఆయుధం ఎత్తలేదు. అడిగిన ప్రశ్నలకు సమాధానాలు చెప్పి తమ్ముణ్ణి విడిపించుకున్నాడు. భీముని బలం చేయలేని పనిని జ్ఞానం చేసింది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో కొండచిలువకు చోటున్నది. అయినా చర్మం మీది ఆశతో కొందరు, భయంతో మరికొందరు దానిని చంపుతూనే ఉన్నారు. చట్టం ప్రతి పొలం గట్టునా కాపలా కాయలేదు. కొండచిలువ కనిపించినప్పుడు దూరంగా నిలిచి, అటవీ సిబ్బందికి కబురు పంపడం మన పని. ఎత్తిన రాయిని దింపించగలిగేది తెలివిడి ఒక్కటే.