గాలికి కొలత కూలిన ఇల్లే

టోర్నడో తీవ్రతకు ఇచ్చే ఈఎఫ్ రేటింగ్ నేరుగా గాలిని కొలిచి ఇచ్చేది కాదు. తర్వాత వెళ్లి ఏ ఇల్లు ఎలా కూలిందో, పునాదికి ఎలా బిగించి ఉందో చూసి గాలివేగాన్ని అంచనా కడతారు. అంటే నష్టంలో గాలి పాత్ర ఎంతో, కట్టడం పాత్రా అంతే. 2011 ఏప్రిల్ 27న అమెరికాలోని అలబామా, చుట్టుపక్కల రాష్ట్రాల్లో టోర్నడోలకు ఒక్కరోజే 300 మందికి పైగా చనిపోయారు. ముప్పు గురించి రోజుల ముందే చెప్పారు, హెచ్చరికలూ అందాయి. కానీ దాక్కునే చోటు లేనివాడికి హెచ్చరిక ఏం చేస్తుంది? అమెరికా ఇళ్లలో మొబైల్ హోములు, అంటే ఫ్యాక్టరీలో కట్టి తెచ్చి పెట్టే ట్రెయిలర్ ఇళ్లు, చిన్న వాటాయే. ఇళ్లలో ఉండగా టోర్నడోకి బలైనవారిలో మాత్రం సగానికి పైగా వాటిలోని వాళ్లే.

అన్నిటికంటే తీవ్రమైన ఈఎఫ్-5 గాలికి ఏ ఇల్లు నిలుస్తుంది అంటారు. నిజమే, మామూలు ఇల్లు నిలవదు. కానీ అలాంటి టోర్నడోలు చాలా అరుదు. ఎక్కువ టోర్నడోలు బలహీనమైనవే. పెద్దదాని దారిలో కూడా అంచుల్లో గాలి తక్కువే. అక్కడ పైకప్పును గోడకు, గోడను పునాదికి పట్టి ఉంచే లోహపు బిగింపులే తేడా తెస్తాయి. ఖర్చు భరించలేమంటారా? 2013 మే 20న 24 మందిని పోగొట్టుకున్న ఓక్లహోమాలోని మూర్ పట్టణం, మరుసటి ఏడాదే కొత్త ఇళ్లు గంటకు 217 కిలోమీటర్ల గాలికి తట్టుకోవాలని నిబంధన పెట్టింది. అది చిన్న పట్టణమే, అయినా ఆ పని చేయగలిగింది. మరి అద్దె ట్రెయిలర్‌లో ఉండే పేదవాడికి? అతనికి దగ్గర్లో ఉమ్మడి షెల్టర్ కట్టాల్సింది ప్రభుత్వమే. గాలి దైవాధీనం కావచ్చు, మేకు మన చేతిలోదే.