మత్తు – మెలకువ

మత్తుమందు అనగానే నిద్ర జ్ఞప్తికి వస్తుంది. కాని ఆ రెండూ ఒకటి కావు. 1934లో అమెరికాలో థయోపెంటాల్‌ను సిరలోనికి ఎక్కించి మత్తు కలిగించారు. నేడు పాలవలె తెల్లనైన ప్రోపోఫాల్ విరివిగా వాడుకలో ఉన్నది. అది రక్తంతో కలసి నిమిషంలోపే మెదడును చేరి, నాడీకణాలను శాంతింపజేసే 'గాబా' అనే రసాయనానికి బలం చేకూర్చుతుంది. స్పృహ తప్పుతుంది.

విచిత్రమేమనగా, ఒక్క మోతాదు తరువాత త్వరగా మెలకువ రావడానికి ముఖ్యకారణం మందు నశించడం కాదు. అది మెదడును వీడి కండరాలకూ, కొవ్వుకూ తరలిపోవడం. పిమ్మట కాలేయం దానిని మార్చగా, మూత్రపిండాలు విసర్జిస్తాయి. అందుచేత కనులు తెరచినవాడు పూర్తిగా తేరుకొన్నట్లు కాదు. ఒక దినం వాహనం నడపరాదనీ, ముఖ్యమైన పత్రాలపై సంతకం చేయరాదనీ వైద్యులు హెచ్చరిస్తారు.

మా అమ్మకు పిత్తాశయ శస్త్రచికిత్స జరిగిన సాయంకాలమే, బంధువు ఒకరు పొలం కాగితం తెచ్చారు. "మాట్లాడుతూనే ఉన్నారు గదా!" అన్నారు. ఆయన పెద్దవారు, కాదనడం కష్టమే. అయినను, "రేపు చూద్దాం మామూ" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది.

మరునాడు అమ్మ ఆ కాగితాన్ని రెండుమారులు చదివించుకొని, ఒక షరతు మార్పించి, ఆ తరువాతనే వేలిముద్ర వేసింది.