16 లీటర్ల డీజిల్ ఎక్కడికి పోయింది?

బండి మైలేజీ మీద కబుర్లు మొదలైతే మనవాళ్ళు పెళ్ళి భోజనం కూడా మర్చిపోతారు. కొత్త బండి కనిపిస్తే చాలు, మా అనంతపురం వైపు మొదటి ప్రశ్న "ఎంతిస్తాంది?" అనే. నేనూ ఆ బాపతే. పైగా మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి, లెక్కలు నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీవని ఓ గట్టి నమ్మకం. ఆ నమ్మకంతో పోయినేడాది నేను చేసిన వెధవపని ఇది.

మాది కళ్యాణదుర్గం దగ్గర ఓ పల్లె. నాయనకు నాలుగెకరాల చీనీ తోట ఉంది. ఊరికి దూరం, మధ్యలో ఇసుక వంక. మామూలు కారు ఆ వంకలో దిగబడిందంటే ట్రాక్టరు తెచ్చి లాగాల్సిందే. అందుకని బెంగళూరులో ఓ పాత ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్ బండి సెకండ్ హ్యాండ్‌లో కొని ఊరికి చేర్చాను. తోలడానికి మా వీధిలో ఉండే ఒకన్న ఒప్పుకున్నాడు. ఆయన డీజిల్ బిల్లులు ఫోటో తీసి పంపడం, నేను ఎక్సెల్‌లో ఎక్కించుకోవడం.

కంపెనీవాళ్ళు చెప్పే మైలేజీని నమ్మేంత అమాయకుణ్ణి కాను లెండి. ఆ పరీక్ష ఎలా జరుగుతుందో చదివినవాణ్ణే. బండిని రోలర్ల మీద నిలబెట్టి, ఏసీ ఆపేసి, గంటకు 90 కిలోమీటర్లు దాటకుండా ఓ ఇరవై నిమిషాలు నడిపి చూస్తారు. అక్కడ ఎదురుగాలి ఉండదు, గుంతలుండవు, ఎనుములు అడ్డం రావు. (అమెరికావాళ్ళు 2008 మోడళ్ళ నుంచి ఏసీ, హైస్పీడు, చలి కూడా లెక్కలో కలిపారు. స్టిక్కర్ల మీద అంకెలు తగ్గాయి. బండ్లు మాత్రం అవే!) కాబట్టి నా అంచనా నేనే వేసుకున్నా. తారురోడ్డు మీద లీటరుకు 13, తోట దారిలో 5. తిరుగుడు సగం ఇది, సగం అది. సగటు 9. నెలకు 600 కిలోమీటర్లకు 67 లీటర్లు కావాలి.

బిల్లులు చూస్తే 83. ప్రతి నెలా అంతే, పదహారు లీటర్లు అటూ ఇటూగా తేడా. అందులో కొన్ని బిల్లులు కర్ణాటక బంకులవి. అటుపక్క లీటరుకు కొన్ని రూపాయలు తక్కువని సరిహద్దు ఊళ్ళ వాళ్ళందరూ చేసే పనే అది, నాకు తెలియంది కాదు. కానీ అనుమానం పుట్టాక ఆ బిల్లులు కూడా వేరేగా కనిపించాయి.

జూన్ చివర ఊరికి పోయినప్పుడు నాయన ముందరే అడిగేశాను, "అన్నా, నెలకు పదహారు లీటర్లు యాడికి పోతాండాయి?" అని.

ఆయన ఏమీ అనలేదు. బండి తాళాలు అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

నాయన ఆ పూట నాతో మాట్లాడలేదు. రాత్రి మాత్రం అన్నాడు, "ట్రాక్టరుకు మైలేజీ ఎంతని ఎవడన్నా అడుగుతాడేమిరా? గంటకెంత తాగుతాదంటారు. రేపట్నుంచి నువ్వే తోలు. ఎన్ని లీటర్లు పోయించినావో రాసుకో, చాలు."

సరే, వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని పది రోజులు నేనే తోలాను. అది ఆషాఢం గాలి కాలం. రామగిరి గుట్టల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు కదా. కళ్యాణదుర్గం నుంచి అనంతపురానికి పోతుంటే పడమటి గాలి వెనక నుంచి తోసేది, లీటరుకు 15 వచ్చింది. తిరుగు ప్రయాణంలో 11. మనం 70లో పోతుంటే ఎదురుగా 25 వేగంతో గాలి వీస్తే, ఆ డబ్బాలాంటి బండికి తగిలే గాలి 95 లెక్క. వేగం వర్గాన్ని బట్టి కదా గాలి అడ్డుకునేది, అంటే దాదాపు రెట్టింపు.

తోట దారి ఇంకో కథ. వెనకాల రెండు డ్రమ్ముల నీళ్ళు, నాలుగొందల కిలోలు. కొత్తగా నాటిన చీనీ మొక్కలకు బోరు నీళ్ళు అందక మోస్తున్నవి. వంకలోకి దిగ్గానే నాలుగు చక్రాలూ తిరగాలి, లో గేరు వేయాలి. ఇంజను అరుస్తూనే ఉంటుంది, మీటరు మాత్రం కదలదు. ఇసుకలో చక్రం దొర్లడానికి పట్టే బలం తారు మీద కంటే పదింతలు దాకా ఉంటుంది. చెట్టు చెట్టుకూ ఆపి నీళ్ళు పోస్తున్నంతసేపూ ఇంజను ఆపడానికి లేదు, బ్యాటరీ వీకు, మళ్ళీ స్టార్టవుతుందో లేదో. (బ్యాటరీ మార్చమని ఆ అన్న మార్చిలోనే చెప్పాడు. వచ్చే నెల చూద్దాంలే అన్నది నేనే.)

పదోరోజు కూడితే 200 కిలోమీటర్లు. తారు మీద 100, తోటలో 100. నా సగటు 9 ప్రకారం 22 లీటర్లు పట్టాలి. పట్టింది 28. అంటే పది రోజుల్లో దాదాపు ఆరు లీటర్లు నేనే దొంగిలించానన్నమాట!

అప్పుడు బుర్ర వెలిగింది. 13, 5 రెండూ కరెక్టే. తప్పంతా సగటులో ఉంది. 100 కిలోమీటర్లకు 13 చొప్పున 7.7 లీటర్లు, 5 చొప్పున 20 లీటర్లు. మొత్తం 200 కిలోమీటర్లకు 27.7. అసలు సగటు 7.2. పదో తరగతి పిల్లాడు కూడా చేయగలిగే లెక్క, నేను 13నీ 5నీ కూడి రెండుతో భాగించి కూర్చున్నా. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని కొలిస్తే మనిషి బుర్ర ఇలాగే బోల్తా పడుతుందని 2008లో సైన్స్ పత్రికలో లారిక్, సోల్ అనే ఇద్దరు రాశారు. 15 నుంచి 20కి పెరగడం గొప్పగా కనిపిస్తుంది గానీ, 8 నుంచి 10కి పెరిగితేనే 100 కిలోమీటర్లకు ఎక్కువ డీజిల్ మిగులుతుంది. యూరప్‌లో ఎన్నో దేశాలు 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లని రాసుకుంటాయి. మా నాయన ట్రాక్టరు నోటుబుక్కులో కూడా లీటర్లే ఉన్నాయి, కిలోమీటర్లు లేవు.

ఇంకోటుంది. ఎస్‌యూవీ అన్న మాటే ఇప్పుడు మారిపోయింది. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019 నుంచి తయారవుతున్న సెల్టోస్ కూడా ఎస్‌యూవీయే, కానీ మన దేశంలో అమ్మేదాంట్లో ముందు రెండు చక్రాలే తిరుగుతాయి. దాని మైలేజీ చూసిన కళ్ళతో ట్రాన్స్‌ఫర్ కేసు, రెండో డిఫరెన్షియలూ, బరువైన ఛాసిస్, పెద్ద టైర్లూ మోసే బండిని చూస్తే దొంగ ఎక్కడో ఉన్నాడనే అనిపిస్తుంది.

మర్నాడు కాగితం మీద లెక్క రాసుకుని ఆ అన్న ఇంటికి పోయాను. కాగితం వైపు కూడా చూడలేదు. "కాఫీ తాగు" అన్నాడు. తప్పయిపోయిందన్నా అన్నాను. "నువ్వు చిన్నప్పట్నుంచీ తెలిసినోనివేలే" అన్నాడు, అంతే.

వారం తర్వాత మళ్ళీ బండెక్కాడు. కొత్త బ్యాటరీ వేయించాను. బిల్లుల ఫోటోలు మాత్రం ఇప్పుడు రావు. ట్యాంకు ఖాళీ అయితే బంకు దాకా నాయన్ని కూడా ఎక్కించుకునే పోతాడు, డబ్బులు నాయన చేత్తోనే ఇప్పిస్తాడు. బండి దిగడట.